వరి ఆకులో జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలవడం ఎలా? ఆర్‌ఎన్‌ఏ తీయడం నుంచి క్యూపీసీఆర్ లెక్క వరకు

జన్యువు పనిచేసినప్పుడు దాని నకలుగా ఎంఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది. ఆ ఆర్‌ఎన్‌ఏను తీసి, సీడీఎన్‌ఏ అనే డీఎన్‌ఏ నకలుగా మార్చి, సైకిలు సైకిలుకూ రెట్టింపు చేస్తూ ఎంత ఉందో కొలిచే పద్ధతే క్యూపీసీఆర్. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నవారూ, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవారూ తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "నానోడ్రాప్‌లో 260/280 నిష్పత్తి 2.0 వచ్చింది, అంటే ఆర్‌ఎన్‌ఏ బాగానే ఉన్నట్టు కదా, మరి క్యూపీసీఆర్‌లో ఒక్కోసారి ఒక్కో ఫలితం ఎందుకు వస్తోంది?" నానోడ్రాప్ యంత్రం 260, 280 నానోమీటర్ల కాంతిని ద్రావణం ఎంత పీల్చుకుందో చూసి ఇచ్చే ఆ నిష్పత్తి, ట్యూబులో ప్రోటీను, ఫినాల్ వంటి మలినాలు ఉన్నాయో లేవో మాత్రమే చెబుతుంది. ఆర్‌ఎన్‌ఏ పూర్తిగా ముక్కలైపోయినా ఆ అంకె 2.0 దగ్గరే ఉంటుంది. కొంత డీఎన్‌ఏ కలిసి ఉన్నా పెద్దగా కదలదు. కాబట్టి ఆర్‌ఎన్‌ఏ శుభ్రంగా ఉందా, తెగకుండా ఉందా, అందులో డీఎన్‌ఏ కలిసి ఉందా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలని, వాటికి మూడు వేర్వేరు పరీక్షలు ఉన్నాయని గుర్తుంచుకుని ఈ పద్ధతిని చదవండి.

ఉదాహరణగా ఉప్పునీటిలో ఉంచిన వరి మొలకలను, వాటిలో ఓఎస్‌డ్రెబ్2ఏ అనే జన్యువును తీసుకుందాం. ఇతర జన్యువులను ఆన్ చేసే ప్రోటీన్లలో ఒకదానికి ఇది సంకేతం. నీటి ఎద్దడికీ, అధిక లవణానికీ ఈ జన్యువు స్పందిస్తుందని 2003లోనే ప్రచురితమైంది. మీరు వేరే కొత్త జన్యువు మీద పనిచేస్తున్నా సరే, దీన్ని పక్కన పెట్టుకుంటే మంచిది. ఉప్పు పెట్టిన మొలకల్లో ఇది కూడా పెరగలేదంటే, మీ కొత్త జన్యువును అనుమానించే ముందు మీ ప్రయోగాన్ని అనుమానించాలి. మన ప్రాంతంలో సులువుగా దొరికే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204 విత్తనాలతో ఈ పని చేసుకోవచ్చు.

కావలసినవి

ద్రవ నత్రజని, పింగాణీ కల్వం, రోకలి, ట్రైజాల్ లేదా అదే రకం ద్రావణం, క్లోరోఫాం, ఐసోప్రొపనాల్, ఆర్‌ఎన్‌ఏజ్ (ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైము) లేని నీటితో కలిపిన 75 శాతం ఇథనాల్, 4 డిగ్రీల దగ్గర తిరిగే సెంట్రిఫ్యూజ్, ఫిల్టరు ఉన్న టిప్పులు, పాలీప్రొపిలీన్ ట్యూబులు, డీఎన్‌ఏజ్-1 (డీఎన్‌ఏను కోసే ఎంజైము), సీడీఎన్‌ఏ కిట్, సైబర్ గ్రీన్ (డీఎన్‌ఏకు అంటుకుని వెలిగే రంగు) మిశ్రమం, ప్రైమర్లు (మనకు కావలసిన జన్యువుకే అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు). ట్యూబులు కొనేటప్పుడు పదార్థం చూసుకోండి, ఎందుకంటే పాలీకార్బొనేట్ ట్యూబులను క్లోరోఫాం పాడుచేస్తుంది. కాలమ్ కిట్ కొనగలిగితే 4 నుంచి 6 దశల బదులు అది వాడవచ్చు. ఖర్చు ఎక్కువే గానీ కొత్తవారి చేతిలో ఫలితం నిలకడగా వస్తుంది.

రెండు హెచ్చరికలు ముందే చెప్పాలి. ట్రైజాల్‌లో ఉన్న ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది, అందువల్ల గ్లవ్స్, కళ్లద్దాలు వేసుకుని ఫ్యూమ్‌హుడ్‌లోనే పనిచేయండి. అందులో గ్వానిడీన్ లవణం కూడా ఉంటుంది కనుక, బల్ల శుభ్రం చేయడానికి వాడే బ్లీచింగ్ ద్రావణాన్ని ట్రైజాల్ వ్యర్థాలతో ఎప్పుడూ కలపకండి, విషవాయువులు వెలువడతాయి. ద్రవ నత్రజని మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అది పోసిన ట్యూబుకు మూత బిగిస్తే పేలుతుంది, గాలి ఆడని గదిలో వాడితే ఊపిరాడదు.

దశలు

1. ముందురోజు సిద్ధం కావడం. ఆర్‌ఎన్‌ఏను కోసే ఆర్‌ఎన్‌ఏజ్ ఎంజైములు మన చేతులపై, దుమ్ములో, ప్రయోగశాల బల్లలపై ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏజ్-ఏ ఎంత మొండిదంటే, ఆటోక్లేవ్‌లో పెట్టి తీసినా దాని చురుకు కొంత మిగిలే ఉంటుంది. అందుకే ఆటోక్లేవ్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. కల్వాన్నీ గాజు సామగ్రినీ 180 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు కాల్చండి. నీటిలో ఆర్‌ఎన్‌ఏజ్‌ను చంపే డీఈపీసీ అనే రసాయనాన్ని 0.1 శాతం కలిపి రాత్రంతా ఉంచి, మర్నాడు ఆటోక్లేవ్ చేస్తే మిగిలిన డీఈపీసీ విడిపోతుంది. ట్రిస్ ఉన్న బఫర్లలో మాత్రం డీఈపీసీ నేరుగా కలపకూడదు, అది ట్రిస్‌తోనే చర్య జరిపి ఖర్చయిపోతుంది. శుద్ధి చేసిన నీటితో ట్రిస్ బఫరును విడిగా తయారు చేసుకోండి. డీఈపీసీ కూడా హానికరమే కాబట్టి హుడ్ బయట తెరవకండి, లేదంటే సిద్ధంగా దొరికే ఆర్‌ఎన్‌ఏజ్ రహిత నీటిని కొనుక్కోండి.

ప్లాస్మిడ్ ప్రిప్ (బ్యాక్టీరియా నుంచి చిన్న డీఎన్‌ఏ ఉంగరాలను తీసే పని) చేసే బల్ల మీద ఆర్‌ఎన్‌ఏ పని పెట్టుకోవద్దు. ఆ పద్ధతిలో ఆర్‌ఎన్‌ఏజ్-ఏను కావాలనే కలుపుతారు, అది పైపెట్లకూ జెల్ ట్యాంకుకూ అంటుకుని ఉంటుంది. చిన్న ప్రయోగశాలల్లో అర్థంకాకుండా ఆర్‌ఎన్‌ఏ విరిగిపోవడానికి నేను మొదట వెతికే కారణం ఇదే.

2. మొలకలు, నమూనా. రెండు వారాల మొలకలను రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని 200 మిల్లీమోలార్ ఉప్పునీటిలోకి, అంటే లీటరుకు 11.7 గ్రాముల సోడియం క్లోరైడ్ కలిపిన పోషక ద్రావణంలోకి మార్చండి. రెండో భాగాన్ని కూడా తీసి, ఉప్పు లేని కొత్త ద్రావణంలోకి మార్చండి, ఇదే కంట్రోల్. కదల్చకుండా వదిలేసిన మొక్కలతో పోలిస్తే, వేళ్లు కదిలించినందువల్ల వచ్చిన మార్పు కూడా ఉప్పు ఖాతాలోకే వెళుతుంది. మొక్కల్లో చాలా జన్యువులు పగలు ఒకలా, రాత్రి ఒకలా పనిచేస్తాయి కాబట్టి రెండు భాగాల ఆకులనూ గడియారంలో ఒకే సమయానికి కోయండి. "కంట్రోల్ పొద్దున్నే తీశాను, ఉప్పువి సాయంత్రం తీశాను" అంటే ఆ ప్రయోగంలో ఏది ఉప్పు ప్రభావమో, ఏది పొద్దు ప్రభావమో ఎవరూ విడదీయలేరు.

కోసిన వెంటనే ఆకును ద్రవ నత్రజనిలో వేయండి. కోత కూడా మొక్కకు గాయమే, దానికి స్పందించే జన్యువులు నిమిషాల్లోనే మేలుకుంటాయి. ఒక్కో పరిస్థితికి కనీసం 3 వేర్వేరు కుండీల నుంచి విడివిడి నమూనాలు తీసుకోండి. ఒకే ఆకు నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏను మూడు బావుల్లో (క్యూపీసీఆర్ పళ్లెంలోని గుంటల్లో) నడిపితే తెలిసేది మీ పైపెట్ నిలకడ మాత్రమే, మొక్కల మధ్య తేడా అందులో కనబడదు. వెంటనే పని మొదలుపెట్టలేకపోతే మైనస్ 80 డిగ్రీలలో దాచండి.

3. నూరడం. కల్వాన్ని ముందు ద్రవ నత్రజనితో చల్లబరచండి. సుమారు 100 మిల్లీగ్రాముల ఆకును తెల్లటి లేతాకుపచ్చ పొడి అయ్యేదాకా నూరండి. మధ్యలో నత్రజని ఇంకిపోతుంటే మళ్లీ పోస్తూ ఉండండి. పొడి తడిసి ముదురు పచ్చగా మారుతోందంటే కరుగుతోందని అర్థం, అంటే లోపలి ఆర్‌ఎన్‌ఏజ్‌లు పని మొదలుపెట్టాయి. చల్లబరచిన గరిటెతో ఆ పొడిని 1 మిల్లీలీటరు ట్రైజాల్ ఉన్న ట్యూబులోకి వేసి వెంటనే బాగా కలపండి. ఎక్కువ ఆర్‌ఎన్‌ఏ వస్తుందన్న ఆశతో అదే ట్రైజాల్‌లో 200, 300 మిల్లీగ్రాములు వేయకండి. ద్రావణం చాలక ఎంజైములు చావవు, దిగుబడి కూడా తగ్గుతుంది. గది వేడిమిలో 5 నిమిషాలు ఉంచండి.

4. పొరలు విడదీయడం. 0.2 మిల్లీలీటర్ల క్లోరోఫాం పోసి, మూత బిగించి, 15 సెకన్లు గట్టిగా ఊపండి. 2, 3 నిమిషాలు ఆగి, 4 డిగ్రీల దగ్గర 12,000 జీ (గురుత్వాకర్షణకు 12,000 రెట్లు) బలంతో 15 నిమిషాలు తిప్పండి. పైన రంగులేని నీటిపొర, మధ్యలో తెల్లటి పలుచని తెర, అడుగున రంగున్న ఫినాల్ పొర ఏర్పడతాయి. 1987లో ఛోమ్‌చిన్‌స్కీ, సాక్కీ ప్రచురించిన ఈ పద్ధతి కిటుకు ఆమ్లత్వంలో ఉంది: ఆమ్ల ఫినాల్ సమక్షంలో ఆర్‌ఎన్‌ఏ నీటిపొరలో ఉండిపోతుంది, డీఎన్‌ఏ మధ్య తెరలోకీ కింది పొరలోకీ పోతుంది. అందువల్ల పైపొరలో చివరి బొట్టు దాకా లాగాలని చూడకండి. సుమారు 400 మైక్రోలీటర్లు తీసి, మధ్య తెరకు పైన కాస్త మిగిల్చి వదిలేయండి. ఆ మిగిలిన కొద్దిపాటి కోసం కక్కుర్తి పడితే డీఎన్‌ఏ, ప్రోటీను రెండూ వెంట వస్తాయి. ట్యూబును 45 డిగ్రీల వాలులో పట్టుకుంటే తీయడం సులువవుతుంది.

5. అవక్షేపం. మామూలుగా అయితే, మొదట పోసిన ట్రైజాల్ ప్రతి మిల్లీలీటరుకు 0.5 మిల్లీలీటర్ల ఐసోప్రొపనాల్ కలుపుతారు. పిండిపదార్థం, జిగురు ఎక్కువున్న కణజాలానికి మాత్రం సగం ఐసోప్రొపనాల్, సగం అధిక లవణ ద్రావణం, అంటే 0.25 మిల్లీలీటర్ల చొప్పున, వాడండి. ఆ ద్రావణంలో 0.8 మోలార్ సోడియం సిట్రేట్, 1.2 మోలార్ సోడియం క్లోరైడ్ ఉంటాయి. దీనివల్ల చక్కెర గొలుసులు ద్రావణంలోనే ఉండిపోయి ఆర్‌ఎన్‌ఏ మాత్రం కిందికి దిగుతుంది. 10 నిమిషాలు ఉంచి, 4 డిగ్రీల దగ్గర 12,000 జీతో 10 నిమిషాలు తిప్పండి. అడుగున తెల్లటి చిన్న మచ్చ కనిపించాలి. ముక్కుచీమిడిలా పారదర్శకంగా, పెద్దగా ఉన్న ముద్ద కనబడితే సంతోషించకండి, అది పాలీశాకరైడ్, అంటే చక్కెర గొలుసుల ముద్ద.

మామిడి ఆకు, పత్తి ఆకు, గింజలు వంటి వాటికి ట్రైజాల్ తరచూ విఫలమవుతుంది. పాలీఫినాళ్లు ఎక్కువ ఉంటే ద్రావణం గోధుమరంగుకు తిరుగుతుంది. అలాంటప్పుడు ఈ పద్ధతినే పదేపదే చేస్తూ కూర్చోకుండా, పీవీపీ, బీటా మెర్‌కాప్టోఇథనాల్ కలిపిన సీటీఏబీ బఫరుతో తీసి, లిథియం క్లోరైడ్‌తో అవక్షేపించే పద్ధతికి మారండి.

6. కడగడం, కరిగించడం. 1 మిల్లీలీటరు 75 శాతం ఇథనాల్‌తో కడిగి, 7,500 జీతో 5 నిమిషాలు తిప్పండి. 260/230 (లవణం, చక్కెరల మలినాన్ని చూపే నిష్పత్తి, 7వ దశలో వస్తుంది) తక్కువగా వచ్చే అలవాటుంటే రెండుసార్లు కడగండి. ఇథనాల్ అంతా తీసేశాక 5 నుంచి 10 నిమిషాలు ఆరబెట్టండి. ముద్ద పూర్తిగా ఎండి గాజులా మారితే కరగదు. 30 మైక్రోలీటర్ల నీరు పోసి, 55 నుంచి 60 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, వెంటనే ఐసులో పెట్టండి. చిన్న చిన్న భాగాలు చేసి మైనస్ 80 డిగ్రీలలో దాచండి, ఎందుకంటే ప్రతిసారీ గడ్డకట్టించి కరిగించడం ఆర్‌ఎన్‌ఏకు మంచిది కాదు.

7. మొదటి పరీక్ష: శుభ్రంగా ఉందా? నానోడ్రాప్‌ను మీరు ఆర్‌ఎన్‌ఏ కరిగించిన నీటితోనే సున్నా చేయండి. 260 నానోమీటర్ల దగ్గర శోషణ 1.0 ఉంటే మిల్లీలీటరుకు 40 మైక్రోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ ఉన్నట్టు. 260/280 విలువ 2.0 దగ్గర, 260/230 విలువ 2.0 లేదా ఆపైన ఉండాలి. అంకెల కంటే గీత ఆకారం ఎక్కువ చెబుతుంది. శిఖరం 260 దగ్గర కాకుండా 270 వైపు జరిగి ఉంటే ఫినాల్ మిగిలింది. 230 దగ్గర లోయ ఉండాల్సిన చోట గోడలా లేస్తే గ్వానిడీన్ లవణం లేదా చక్కెరలు ఉన్నాయి. సోడియం అసిటేట్, ఇథనాల్‌తో మళ్లీ అవక్షేపించి కడిగితే చాలావరకు బాగుపడుతుంది. నీరు ఆమ్లంగా ఉంటే శుభ్రమైన ఆర్‌ఎన్‌ఏకు కూడా 260/280 తక్కువ చూపిస్తుంది, కాబట్టి 1.8 చూడగానే నమూనా పారేయకండి.

8. రెండో పరీక్ష: తెగకుండా ఉందా? ఈ దశను వదిలేసేవారే ఎక్కువ. 500 నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏను ఫార్మమైడ్ ఉన్న లోడింగ్ డైతో కలిపి, 65 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు వేడిచేసి, ఐసులో పెట్టి, కొత్తగా పోసిన 1 శాతం అగరోజ్ జెల్‌లో నడపండి. ట్యాంకునూ దువ్వెననూ ముందుగా 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నానబెట్టి, డీఈపీసీ నీటితో కడగండి.

జెల్‌లో రెండు స్పష్టమైన గీతలు కనిపించాలి. పైది 25ఎస్, కిందిది 18ఎస్ రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ. పైది కిందిదానికంటే దాదాపు రెట్టింపు మెరవాలి. జంతు కణాల పుస్తకాలు చదివి వచ్చినవారు ఇక్కడ కంగారుపడతారు, ఎందుకంటే పచ్చని ఆకులో ఈ రెండింటి కింద మరికొన్ని సన్నటి గీతలు ఉంటాయి. అవి క్లోరోప్లాస్టుల రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏలు, వాటి సహజమైన ముక్కలు. గీతలు ఎన్ని ఉన్నా వాటి అంచులు పదునుగా ఉంటే మంచిదే. గీతలు కరిగిపోయి కిందికి పొగలా జారితే, పైగీత కిందిదానికంటే మసకబారితే, ఆర్‌ఎన్‌ఏ తెగింది. ఆర్‌ఎన్‌ఏ ఎంత తెగకుండా ఉందో చెబుతూ బయోఎనలైజర్ యంత్రం ఇచ్చే రిన్ విలువ కూడా ఇదే కారణంగా ఆకు నమూనాలకు ఉన్నదానికంటే తక్కువగా రావచ్చు. వేళ్ల నమూనాతో వచ్చిన అంకెను, ఆకు నమూనాతో వచ్చిన అంకెను ఒకే గీటురాయి మీద పెట్టకండి. బావి దగ్గరే, చాలా పైన, మందంగా గీత నిలిచి ఉంటే అది డీఎన్‌ఏ.

9. డీఎన్‌ఏ తీసేయడం. జెల్‌లో డీఎన్‌ఏ కనబడకపోయినా ఈ దశ తప్పదు, క్యూపీసీఆర్ కంటికి కనబడని దాన్ని కూడా పట్టుకుంటుంది. 1 మైక్రోగ్రాము ఆర్‌ఎన్‌ఏకు 1 యూనిట్ డీఎన్‌ఏజ్-1, 1 మైక్రోలీటరు పదిరెట్ల బఫరు, మొత్తం 10 మైక్రోలీటర్లకు నీరు. 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. తరువాత 50 మిల్లీమోలార్ ఈడీటీఏ 1 మైక్రోలీటరు పోసి, ఆపైన మాత్రమే 65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడిచేయండి. ఈ వరుస తారుమారు చేయకండి: ఈడీటీఏ మెగ్నీషియాన్ని పట్టి ఉంచకముందే వేడిచేస్తే, ఆ మెగ్నీషియం ఆర్‌ఎన్‌ఏ గొలుసునే తెంచుతుంది.

10. సీడీఎన్‌ఏ. అన్ని నమూనాలకూ ఒకే పరిమాణంలో, సాధారణంగా 1 మైక్రోగ్రాము, ఆర్‌ఎన్‌ఏ తీసుకోండి. ఆలిగో డీటీ ప్రైమరు ఎంఆర్‌ఎన్‌ఏ తోకను పట్టుకుని మొదలవుతుంది కనుక, కొంచెం తెగిన ఆర్‌ఎన్‌ఏతో అది రెండో చివర దాకా చేరలేదు. అలాంటప్పుడు ర్యాండమ్ హెక్సమర్లు గానీ రెండింటి మిశ్రమం గానీ మేలు. హెక్సమర్లు వాడితే ముందు 25 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచాలి. మిగతా ఉష్ణోగ్రతలకు మీ కిట్ కాగితాన్నే అనుసరించండి.

మూడో పరీక్ష ఇక్కడే ఉంది. ప్రతి ఆర్‌ఎన్‌ఏకూ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏ నుంచి సీడీఎన్‌ఏ చేసే ఎంజైము) వేయని ఒక ట్యూబును కూడా నడపండి. ఎంజైము లేని ట్యూబులో సీడీఎన్‌ఏ పుట్టదు కాబట్టి, క్యూపీసీఆర్‌లో అందులోంచి వచ్చే సంకేతమంతా మిగిలిపోయిన డీఎన్‌ఏదే. ఎంజైము ఉన్న ట్యూబుకూ లేనిదానికీ కనీసం 7 సైకిళ్ల తేడా ఉంటే, సంకేతంలో డీఎన్‌ఏ వాటా 1 శాతం లోపే. తేడా 2, 3 సైకిళ్లే అయితే 9వ దశకు వెనక్కి వెళ్లండి. ప్రైమర్లను రెండు ఎక్సాన్ల (ఎంఆర్‌ఎన్‌ఏలో మిగిలే జన్యు భాగాల) అతుకు మీద పెట్టుకుంటే ఈ బెడద తగ్గుతుంది గానీ, డ్రెబ్ కుటుంబంలో ఇంట్రాన్ (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి కత్తిరించి తీసేసే మధ్య భాగం) లేని జన్యువులు చాలా ఉన్నాయి, వాటికి ఆ వీలు లేదు.

11. క్యూపీసీఆర్. ప్రైమర్లు 18 నుంచి 22 అక్షరాల పొడవు, కరిగే ఉష్ణోగ్రత 60 డిగ్రీల చుట్టుపక్కల, పెరిగే ముక్క 80 నుంచి 150 బేస్ జతలు ఉండేలా చూడండి. కొనేముందు వరి జన్యుక్రమంపై బ్లాస్ట్ (వరుసలను పోల్చి వెతికే సాధనం) చేసి, అదే కుటుంబంలోని మరో జన్యువుకు అతుక్కోవడం లేదని నిర్ధారించుకోండి. సీడీఎన్‌ఏను 5 నుంచి 10 రెట్లు పలుచన చేసి వాడండి. 95 డిగ్రీల దగ్గర 15 సెకన్లు, 60 డిగ్రీల దగ్గర 1 నిమిషం, మొత్తం 40 సైకిళ్లు, చివర్లో మెల్ట్ కర్వ్, అంటే వేడి పెంచుతూ డీఎన్‌ఏ ముక్క ఏ ఉష్ణోగ్రత దగ్గర విడిపోతుందో చూడటం.

అసలు నమూనాలకంటే ముందు ఒక పలుచన వరుసను నడపండి: సీడీఎన్‌ఏను పదేసి రెట్ల చొప్పున 5 సార్లు పలుచన చేసి, సంకేతం కనబడిన సైకిలు సంఖ్యను సీడీఎన్‌ఏ పరిమాణపు లాగ్ విలువకు ఎదురుగా పెట్టి గీత గీస్తే వాలు మైనస్ 3.32 దగ్గర రావాలి, అది 100 శాతం సామర్థ్యం. మైనస్ 3.1 నుంచి మైనస్ 3.6 దాకా ఫరవాలేదు. మెల్ట్ కర్వ్‌లో ఒకే శిఖరం ఉండాలి. తక్కువ ఉష్ణోగ్రత దగ్గర రెండో చిన్న శిఖరం ఉంటే ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. నీళ్లు మాత్రమే పోసిన బావిలో 35 సైకిళ్ల తర్వాత వచ్చే సంకేతం ఎక్కువగా అదే. 28 దగ్గరే వస్తే మాత్రం మీ నీరో, మిశ్రమమో కలుషితమైంది, కొత్తవి తెరవండి.

పోల్చడానికి నిలకడైన రిఫరెన్స్ జన్యువులు కనీసం రెండు కావాలి. వరిలో యూబీక్యూ5, ఈఈఎఫ్1-ఆల్ఫా మంచి పేరున్నవి. అయినా మీ ప్రయోగంలో అవి కదలడం లేదని మీరే చూసుకోండి. అందరూ వాడుతున్నారని ఆక్టిన్ ఒక్కదాన్నే పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. ఉప్పు దెబ్బకు ఎదుగుదల ఆగిన మొక్కలో అది కూడా మారవచ్చు.

12. లెక్క. సంకేతం కనబడిన సైకిలు సంఖ్యను, క్యూపీసీఆర్ ఫలితాలు ఎలా నివేదించాలో చెప్పే 2009 నాటి ఎంఐక్యూఈ మార్గదర్శకాలు సీటీ బదులు సీక్యూ అనమన్నాయి, కాబట్టి అలాగే రాస్తున్నాను. అంకెలు ఇలా వచ్చాయనుకోండి: కంట్రోల్‌లో డ్రెబ్2ఏ 26.4, రిఫరెన్స్ సగటు 18.1, తేడా 8.3. ఉప్పు మొక్కలో డ్రెబ్2ఏ 23.6, రిఫరెన్స్ 18.3, తేడా 5.3. రెండో తేడాలోంచి మొదటిది తీసేస్తే మైనస్ 3.0. సైకిలుకు రెట్టింపు చొప్పున, 2ను మూడుసార్లు గుణిస్తే 8. అంటే ఎంఆర్‌ఎన్‌ఏ 8 రెట్లు పెరిగింది. సైకిలు తగ్గితే ఆర్‌ఎన్‌ఏ పెరిగినట్టు అన్న తిరకాసును మరిచి, గుర్తు తలకిందులు చేసేవారు ఉన్నారు, జాగ్రత్త. 2001 నుంచి వాడుకలో ఉన్న ఈ డెల్టా డెల్టా లెక్క రెండు ప్రైమర్ల సామర్థ్యమూ దాదాపు 100 శాతం ఉన్నప్పుడే చెల్లుతుంది. ఒకటి 85 శాతం, ఇంకొకటి 100 శాతం ఉంటే సామర్థ్యాన్ని కలుపుకునే సూత్రం వాడాలి, లేదా కొత్త ప్రైమర్లు చేయించుకోవాలి.

ఫలితం రాసేటప్పుడు "జన్యువు 8 రెట్లు వేగంగా పనిచేసింది" అని రాయకండి. మీరు కొలిచింది ఆ క్షణాన కణంలో ఉన్న ఎంఆర్‌ఎన్‌ఏ మొత్తాన్ని. అది తయారీ పెరిగినందువల్ల కావచ్చు, విరిగిపోవడం తగ్గినందువల్ల కావచ్చు. ప్రోటీను అంతే పెరిగిందని కూడా దీన్నిబట్టి అనలేరు. అరబిడాప్సిస్‌లో డ్రెబ్2ఏ ప్రోటీను మామూలు పరిస్థితుల్లో తయారైన వెంటనే విచ్ఛిన్నమవుతుందని తెలుసు. ఇక టీ-పరీక్షను రెట్ల సంఖ్యల మీద కాకుండా, ఒక్కో కుండీ డెల్టా సీక్యూ విలువల (పైన 8.3, 5.3 లాంటి తేడాల) మీద చేయండి, ఎందుకంటే రెట్లు ఒకవైపే సాగుతూ పోతాయి, సగటు దగ్గర సమంగా పరుచుకోవు. గ్రాఫులో కడ్డీ ఒక్కటే గీయకుండా 3 కుండీల చుక్కలను విడివిడిగా పెట్టండి. ఒక చుక్క మిగతా రెండింటికి చాలా దూరంగా పడితే, దాన్ని తీసేసే ముందు ఆ నమూనా జెల్ ఫొటోను, ఎంజైము వేయని ట్యూబు అంకెను మళ్లీ తెరిచి చూడండి. వాటిలో లోపం కనబడితేనే తీసేయడానికి మీకు కారణం ఉన్నట్టు.